వెయ్యి పేర్లవాడు – బ్లాక్‌చెయిన్‌లో బినామీల కట్టడి



మూడు రాష్ట్రాలు కలిసే చోట బతికేవాళ్లం మనం. బర్గూరులో పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి కుప్పంలో పెళ్లి భోజనం చేసి, సాయంత్రం కర్ణాటకలో చుట్టాలను పలకరించి, రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు. ఇలాంటి చోట జాబితాలతో ఒక చిక్కు ఉంటుంది. ఒకే మనిషి పేరు ఇటు తమిళనాడు ఓటర్ల జాబితాలోనూ, అటు ఆంధ్ర జాబితాలోనూ ఉండిపోవచ్చు. అన్నిసార్లూ అది మోసం కాదు. ఆడపిల్ల పెళ్లయి అత్తగారి ఊరు వెళుతుంది, అక్కడ పేరు చేరుస్తారు, పుట్టింటి జాబితాలో పేరు కొట్టేయించే సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒకరి పేరు ఒకచోటే ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. కానీ రెండు కాగితాల మీద ఉన్న రెండు పేర్లూ ఒకే మనిషివని కాగితానికి తెలియదు కదా!

కాగితానికి తెలియనిది వేలికి తెలిసేట్టు చేశారు మనవాళ్లు. ఓటు వేసినప్పుడు వేలిమీద పూసే చెరగని సిరా మన పొరుగున ఉన్న మైసూరులో తయారవుతుంది. 1937లో మొదలైన మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్ కంపెనీ 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి ఈ సిరాను సరఫరా చేస్తోంది. అందులోని సిల్వర్ నైట్రేటు చర్మానికి పట్టుకుంటే సబ్బుకు లొంగదు. మనిషి పది పేర్లు పెట్టుకోగలడు కానీ పది ఎడమచేతులు పెట్టుకోలేడు. ఆ సిరా వెనకున్న లెక్క అంతే.

బర్గూరు పేరు చెప్పగానే ఎన్నికలు గుర్తుకొచ్చేవాళ్లు కూడా ఉన్నారు. 1991లో జయలలితగారు గెలిచి ముఖ్యమంత్రి అయిందీ, 1996లో ఓడిపోయిందీ ఈ నియోజకవర్గంలోనే. అది వేరే కథ. ఈనాటి ప్రసంగం ఓట్ల గురించే గానీ, ఓటర్ల జాబితా లేని ఓట్ల గురించి. సిరా పూయడానికి వేలు కనపడని చోట, కార్డు చూసే ఆఫీసరు లేని చోట, ఒకే మనిషి వెయ్యి పేర్లతో వస్తే ఎలా పట్టుకోవాలి? బ్లాక్‌చెయిన్ అనే మాట ఈమధ్య అంగళ్ల దగ్గరా, హోసూరు ఫ్యాక్టరీ బస్సుల్లోనూ కూడా వినపడుతోంది. దానికి ఎదురైన మొదటి ప్రశ్న ఇదే.

ముందు బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటో రెండు మాటల్లో చూద్దాం. అది ఒక లెక్కల పుస్తకం. మామూలు పుస్తకం ఒక గుమాస్తా దగ్గరో, ఒక బ్యాంకు దగ్గరో ఉంటుంది. ఈ పుస్తకం నకలు వేల కంప్యూటర్లలో ఉంటుంది, ఎవరిది వారే చూసుకోవచ్చు. కొత్త లావాదేవీలన్నీ కలిపి ఒక పుటగా రాస్తారు. ప్రతి పుట మీద ముందు పుట తాలూకు ముద్ర ఒకటి పడుతుంది. పాత పుటలో ఒక్క అంకె దిద్దినా దాని ముద్ర మారిపోతుంది, ఆ తరువాతి పుటలతో పొసగదు. పుటలు ఇలా గొలుసుకట్టుగా ఉంటాయి గనుక ఆ పేరు వచ్చింది. బిట్‌కాయిన్ అనే డబ్బు ఇలాంటి పుస్తకం మీదే నడుస్తుంది. సతోషి నకమోటో అనే మారుపేరుతో ఎవరో 2008 అక్టోబరు 31న దాని పథకాన్ని బయటపెట్టారు. 2009 జనవరి 3న మొదటి పుట రాశారు. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ తేలలేదు. దొంగపేర్లను అరికట్టే పద్ధతి కనిపెట్టినవాడు తానే దొంగపేరు పెట్టుకున్నాడన్నమాట!

మరి ఈ పుస్తకంలో ఓటుతో పనేమిటి? మన బర్గూరు జవుళి అంగడి ఒకటి ఊహించుకోండి. మన దేశంలో బిట్‌కాయిన్ చట్టబద్ధమైన చెల్లుబాటు డబ్బు కాదు, కాబట్టి ఇది కేవలం ఉదాహరణ. కుప్పం నుంచి టోకు బేరానికి వచ్చినాయన లక్ష రూపాయల చీరలు కట్టించాడు. “అన్నా, దుడ్లు పంపిస్తిని, చూసుకో” అన్నాడు. అంగడాయన ఫోనులో చూసి, “వచ్చింది లే తమ్ముడూ, మూటలు ఎత్తుకో” అన్నాడు. అదే నిమిషంలో ఆ కుప్పం ఆయన, అదే డబ్బును కృష్ణగిరి మామిడి మండీలో ఇంకొకరికి కూడా పంపేశాడు. నోటైతే ఒకరి చేతిలో ఉన్నది ఇంకొకరి చేతిలో ఉండదు. ఇది కంప్యూటరులోని అంకె, ఎన్నిసార్లయినా నకలు తీయవచ్చు. రెండు చెల్లింపుల్లో ఏది ముందు, ఏది చెల్లుతుంది? బ్యాంకయితే బ్యాంకు చెబుతుంది. ఇక్కడ బ్యాంకు లేదు. పుస్తకం నకళ్లు ఉన్నవాళ్లంతా కలిసి ఒక మాట మీదికి రావాలి. అంటే ఓటు.

తలకొక ఓటు అంటే సులువే అనిపిస్తుంది. కానీ ఈ పుస్తకంలో పేరు అంటే ఒక తాళంచెవి లాంటి పెద్ద అంకె. కంప్యూటరు దాన్ని క్షణంలో పుట్టిస్తుంది, ఖర్చు లేదు, రేషన్ కార్డు చూపించనక్కరలేదు. కుప్పం ఆయన మేనల్లుడు రాత్రి భోజనం చేసేలోగా లక్ష పేర్లు పుట్టించి పెట్టగలడు. తెల్లవారి ఓటింగు జరిగితే నిజమైన మనుషులు పదివేలు, మేనల్లుడి బినామీలు లక్ష. చీరలకు ఇచ్చిన డబ్బు చెల్లలేదని ఆ లక్షమందీ ఏకగ్రీవంగా తీర్మానిస్తారు.

ఈ మోసానికి కంప్యూటరు శాస్త్రంలో ‘సిబిల్ దాడి’ అని పేరు. మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో పనిచేసిన జాన్ డౌసర్ 2002లో దీనిమీద ఒక వ్యాసం రాశారు. సిబిల్ అన్నది 1973లో వచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకం పేరు. ఒకే స్త్రీలో అనేక వ్యక్తిత్వాలు ఉన్నాయని చెప్పిన కథ అది. మనకు అంతదూరం పోవలసిన పని లేదు, బినామీ అనే మాట మన నోళ్లలో ఎప్పటినుంచో నానుతోంది. అయితే డౌసర్ చెప్పిన సంగతి మాత్రం గట్టిది. ప్రతివాడినీ పరిశీలించి గుర్తింపు ఇచ్చే ఒక కేంద్ర అధికారి లేకపోతే, మామూలు పరిస్థితుల్లో ఈ దొంగపేర్లను పూర్తిగా ఆపడం సాధ్యం కాదని ఆయన తర్కబద్ధంగా చూపించారు. అంటే, ఆఫీసు వద్దనుకుంటే పేర్లు లెక్కపెట్టడం కూడా వదులుకోవాలి.

బిట్‌కాయిన్ చేసింది సరిగ్గా అదే. ఎంతమంది ఉన్నారని అది అడగదు. ఎంత ఖర్చుపెట్టారో చూపించమంటుంది.

ఇంటర్నెట్టు చిరునామాకొక ఓటు అంటే చిరునామాలు పోగేసినవాడు గెలుస్తాడని, కాబట్టి కంప్యూటరు చేసిన పనికే ఓటని సతోషి తన పథకంలోనే రాశారు. ఆ ఆలోచన మూలం అంతకన్నా పాతది. చెత్త ఉత్తరాలతో ఈమెయిలు పెట్టెలు నింపేవాళ్లను ఆపడానికి, ఉత్తరానికొక చిన్న లెక్క చేయించాలని సింథియా డ్వార్క్, మోనీ నావోర్ అనేవారు 1992లో సూచించారు. ఆడమ్ బ్యాక్ 1997లో ‘హ్యాష్‌క్యాష్’ పేరుతో అలాంటిది తయారుచేశారు. ఒక ఉత్తరం రాసేవాడికి ఆ లెక్క భారం కాదు, కోటి ఉత్తరాలు పంపేవాడి నడుము విరుగుతుంది.

ఆ లెక్క ఎలా ఉంటుందో పాచికలతో చెబుతాను. పది పాచికలు ఒకేసారి విసిరి, పదింటికి పదీ ఒకట్లే పడాలనుకోండి. సగటున 6 కోట్ల సార్లు విసిరితే గానీ అలా పడదు. తెలివితేటలు పనికిరావు, అడ్డదారి లేదు, విసురుతూ పోవడమే. కానీ పడ్డాక, పడిందని చూసుకోవడానికి ఒక్క చూపు చాలు. బిట్‌కాయిన్‌లో కొత్త పుట రాయాలనుకున్నవాడు ఇలాంటి పాచికలే కంప్యూటరు చేత విసిరిస్తాడు. పుటలోని అంకెలకు ఏదో ఒక సంఖ్య చేర్చి, ముద్ర తీస్తాడు. ఆ ముద్ర నిర్ణయించిన హద్దు కంటే చిన్నగా వచ్చేదాకా సంఖ్య మారుస్తూనే ఉంటాడు. ముందుగా దొరికినవాడు పుట రాస్తాడు, అందుకు బహుమానంగా కొత్త బిట్‌కాయిన్లు తీసుకుంటాడు. విసిరేవాళ్లు పెరిగితే లెక్క కష్టమవుతుంది, తగ్గితే సులువవుతుంది. 2016 పుటలకొకసారి, అంటే సుమారు రెండు వారాలకొకసారి, ఈ సర్దుబాటు జరుగుతుంది. అందువల్లే పుటకు సగటున పది నిమిషాలు పడుతుంది.

ఈ పని చేసేవాళ్లను మైనర్లంటారు, గని తవ్వేవాళ్లని అర్థం. బర్గూరు చుట్టూ గ్రానైటు క్వారీలు చూసినవాళ్లకు ఈ పేరు బాగానే నప్పుతుంది. రాయి పగలాలంటే డీజిలు కాలాలి, అది ఎవరి పేరున కాలినా ఒకటే. ఇప్పుడు మేనల్లుడి లక్ష పేర్ల సంగతి చూడండి. ఆయనకున్నది ఒక్క కంప్యూటరు. పాచికలు విసిరే చేయి ఒకటే అయినప్పుడు దానికి లక్ష పేర్లు పెట్టినా ఒక్క విసురు కూడా పెరగదు. దొంగపేర్లను ఎవరూ పట్టుకోలేదు, నిషేధించలేదు. అవి వట్టి దండగ అయిపోయాయి. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికన్నా నచ్చినది ఇదే. పోలీసు అక్కరలేని కట్టడి.

అయితే ప్రవేశానికి ధర పెడితే ఏమవుతుందన్నది కంప్యూటర్లు రాకముందే మన ఎన్నికల్లో చూశాం. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నియోజకవర్గంలో 480 మంది పోటీచేశారు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లా అది. దుశర్ల సత్యనారాయణగారి నాయకత్వంలో జలసాధన సమితి, తమ గోడు ఢిల్లీకి వినపడాలని వందల నామినేషన్లు వేయించింది. అదే ఏడాది మన రాష్ట్రంలోనే ఈరోడ్ వైపున్న మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. అది కూడా రైతుల నిరసనే. బ్యాలెట్ కాగితం పుస్తకమైపోయింది, పోలింగు వాయిదా పడింది. వీళ్లెవరూ దొంగపేర్లవాళ్లు కారు, అందరూ నిజమైన మనుషులే, బాధ కూడా నిజమే. కానీ ధర తక్కువైతే వాకిలి ఎలా నిండిపోతుందో ఆ ఎన్నికలు చూపించాయి. అప్పటికి ధరావతు లోక్‌సభకు 500 రూపాయలు, అసెంబ్లీకి 250. ఆ ఏడాదే చట్టం సవరించి 10,000కు, 5,000కు పెంచారు. స్వతంత్ర అభ్యర్థిని పదిమంది ప్రతిపాదించాలన్నారు. తరువాత ధరావతు 25,000కు, 10,000కు పెరిగింది.

గుంపు తగ్గింది. కానీ ఎవరు తగ్గారు? డబ్బున్నవాడు తగ్గలేదు, నల్గొండ నీళ్లు తాగినవాడు తగ్గాడు. అయినా కోపం గట్టిదైతే ధర కూడా ఆపలేదని 2019లో నిజామాబాదు రైతులు చూపించారు. పసుపు, ఎర్రజొన్న ధరల కోసం 170 మందికి పైగా రైతులు 25,000 చొప్పున కట్టి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఓటింగు యంత్రాలకు ఒకదాని పక్కన ఒకటిగా 12 బ్యాలెట్ యూనిట్లు తగిలించవలసి వచ్చింది. బ్లాక్‌చెయిన్ గురించి చదివినప్పుడల్లా నాకు ఈ మూడు ఊళ్లూ గుర్తొస్తాయి. ధర పెట్టడం దొంగపేర్లకు మందే, కానీ ధర కట్టగలిగినవాడి మాటే చెల్లుతుందన్న చేదు ఆ మందులో ఉంది.

ఆ చేదు ఎలా ఉంటుందంటే, మొత్తం పాచికల్లో సగానికి మించి ఒక్కడి చేతికి వస్తే వాడు పుస్తకాన్ని తనకు కావలసినట్టు తిప్పుకోగలడు. ఇతరుల పెట్టెలోని డబ్బు మాత్రం తీయలేడు, ఎందుకంటే వాళ్ల తాళంచెవి వాడి దగ్గర లేదు. కానీ తాను ఇచ్చిన డబ్బును ఇవ్వనట్టు చేయగలడు. మూటలు లారీ ఎక్కాక చెల్లింపు మాయమవుతుంది. 2014 జూన్‌లో జిహ్యాష్ అనే మైనర్ల కూటమి బిట్‌కాయిన్‌లో సగం మార్కు తాకింది. జనం గగ్గోలు పెట్టారు, కూటమిలోంచి కొందరు బయటికి వెళ్లిపోయారు, ఇకమీదట 40 శాతం దాటబోమని ఆ కూటమి మాట ఇవ్వవలసి వచ్చింది. చిన్న పుస్తకాలకు ఆ అదృష్టం లేదు. 2018 మేలో బిట్‌కాయిన్ గోల్డ్ అనే దానిలో దుండగులు సుమారు కోటీ 80 లక్షల డాలర్లు ఇలాగే రెండుసార్లు ఖర్చుపెట్టారు. 2020 ఆగస్టులో ఇథీరియమ్ క్లాసిక్ మీద ఒక్క నెలలో మూడు దాడులు జరిగాయి. వాళ్లు యంత్రాలు కొననక్కరలేదు, కొన్ని గంటలకు అద్దెకు తీసుకున్నా చాలు. చిన్న చెరువును నాలుగు మోటార్లతో ఒక్క రాత్రిలో తోడేయవచ్చు, కృష్ణగిరి డ్యామును తోడలేరు కదా. పుస్తకం ఎంత పెద్దదన్నదే దాని కాపలా.

కరెంటు ఖర్చు ఇంకొక బాధ. కొన్ని దేశాలు మొత్తం వాడేంత కరెంటు బిట్‌కాయిన్ ఒక్కటే కాలుస్తోంది. వేసవిలో కోతలు ఎరిగిన మనకు అది వింటే కడుపు మండుతుంది. అందుకని కొందరు ధరను వేరే రూపంలో పెట్టారు. ఇథీరియమ్ అనే రెండో పెద్ద పుస్తకం 2022 సెప్టెంబరు 15న పాచికలు మానేసి జామీను పద్ధతికి మారింది. పుటల మీద ఓటు వేయాలంటే కనీసం 32 ఈథర్లు జామీనుగా కట్టాలి. అది లక్షల రూపాయల పెట్టుబడి. ఎవరి వంతు ఎప్పుడన్నది చీట్లు తీసినట్టు తేలుతుంది. వంతు వచ్చినవాడు ఒకే స్థానానికి రెండు వేరువేరు పుటల మీద సంతకం పెడితే, ఆ రెండు సంతకాలే సాక్ష్యం. జామీనులో కొంత కోసేసి, వాడిని బయటికి పంపుతారు. కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది.

చీటీలు వేసేవాళ్లకు ఇది కొత్త కాదు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చీటీ నడిపే ఆసామి ముందుగా రిజిస్ట్రారు దగ్గర జామీను పెట్టాలి. డబ్బుతో పారిపోతే వాడిదే కొంత మన చేతిలో ఉంటుందన్న ధైర్యం. జామీనులో కూడా దొంగపేర్లు దండగే. 32 ఈథర్లను వంద పేర్లకు పంచితే ఒక్క పేరుకూ ఓటు రాదు, వంద ఓట్లు కావాలంటే వంద జామీనులు కట్టాలి. అయితే ఇక్కడా గుంపుకట్టే బుద్ధి పోలేదు. ఒక్కరే 32 కట్టలేనివాళ్లు కలిసి కట్టేందుకు వెలసిన లైడో అనే ఏర్పాటు ద్వారా వచ్చిన జామీను 2023లో మొత్తంలో మూడోవంతు దగ్గరికి చేరింది. మూడోవంతు దాటినవాళ్లు ఓటు వేయకుండా కూర్చుంటే పుటలు ఖరారు కావడం ఆగిపోతుంది. కాబట్టి దాన్ని జనం కంట కనిపెట్టి ఉండవలసిందే.

దొంగపేర్లు ఓటులో దండగైనా ఇంకొకచోట పనికొస్తాయి. దీన్ని ఎక్కువమంది గమనించరు. పుస్తకం నకలు ఉన్న ప్రతి కంప్యూటరూ లోకంలోని అన్ని కంప్యూటర్లతోనూ మాట్లాడదు, కొద్దిమంది పొరుగువాళ్లతోనే మాట్లాడి కబురు తెలుసుకుంటుంది. ఆ పొరుగువాళ్లంతా ఒక్కడి బినామీలైతే? వాడు చెప్పిందే లోకమనుకుంటుంది. మీరు టీ తాగే అంగట్లో కూర్చున్నవాళ్లంతా ఒక్క ఇంటివాళ్లే అయితే ఊరి సంగతి మీకెలా తెలుస్తుంది? గ్రహణం పట్టినట్టు ఒక కంప్యూటరును ఇలా చుట్టుముట్టి కప్పేయవచ్చని 2015లో అమెరికా, ఇజ్రాయెల్ పరిశోధకులు బిట్‌కాయిన్ మీద చూపించారు. తరువాత ఆ సాఫ్ట్‌వేరులో మార్పులు చేశారు. కంప్యూటరు తనంతట తాను ఎంచుకునే 8 సంబంధాలను ఒకే చిరునామాల పేటలోంచి కాకుండా వేరువేరు పేటల్లోంచి ఎంచుకుంటుంది. 2019లో ఇంకో రెండు చేర్చారు. కబురు నిజమా కాదా అని బర్గూరులో ఒకరిని, కుప్పంలో ఒకరిని, హోసూరులో ఒకరిని అడిగినట్టు. అన్ని పేటల్లోనూ ఇళ్లు కొనడం మోసగాడికి ఖర్చు. వేరువేరు పేటల్లో ఒక్క నిజాయితీపరుడు దొరికినా గ్రహణం విడిచిపోతుంది, ఎందుకంటే ఎక్కువ పని చేసిన పుటల గొలుసు ఏదో ఎవరైనా లెక్కపెట్టి చూసుకోవచ్చు.

ధర పెట్టడానికి వీలులేని చోట మాత్రం ఈ ఉపాయాలేవీ సాగవు. తలకొకటి ఉచితంగా పంచేటప్పుడు ఏం చేస్తారు? 2022లో ఆప్టిమిజమ్ అనే సంస్థ తన వాడకందార్లకు నాణేలు పంచబోయి చూస్తే, ఒకరే ఎన్నో పెట్టెలు తెరిచిన గుర్తులు కనిపించాయి. 17 వేలకు పైగా పేర్లు కొట్టేశారు. ఒకే చేతిరాతతో వంద అర్జీలు వస్తే తాలూకా గుమాస్తాకు అనుమానం రాదా? ఇక్కడా అంతే. పెట్టెలన్నిటికీ ఒకేచోటి నుంచి డబ్బు పడటం, ఒకే వరుసలో ఒకే పని చేయడం చూసి పట్టుకుంటారు. కానీ నలుగురు అన్నదమ్ములు ఒకే ఇంట్లోంచి నిజంగానే వాడితే వాళ్లను కూడా బినామీలనుకునే ప్రమాదం ఉంది.

ఇంకొందరు మళ్లీ శరీరం దగ్గరికే వచ్చారు, మైసూరు సిరా దారిలోనే. వరల్డ్‌కాయిన్ అనే సంస్థ 2023 జూలైలో కనుపాపను ఫోటో తీసి, ఒక కంటికి ఒక గుర్తింపు ఇస్తామంటూ బయలుదేరింది. ఆగస్టులోనే కెన్యా ప్రభుత్వం దాన్ని ఆపించింది. మన దేశంలో కూడా ఆ కన్ను చూసే పని ఆ సంవత్సరం చివరికి ఆగింది. కనుపాపతో మనిషిని గుర్తించడం మనకు తెలియనిది కాదు, 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని తెంభలీ గ్రామంలో మొదలైన ఆధార్ చేసేది అదే. తేడా ఒక్కటే. ఆధార్ వెనక ప్రభుత్వం, చట్టం, కోర్టు ఉన్నాయి. మనం ఓడినా గెలిచినా నిలదీయడానికి ఒక గుమ్మం ఉంది.

ఆ గుమ్మం వదులుకోవడం ఇష్టం లేకనే ప్రభుత్వాలు వేరే రకం బ్లాక్‌చెయిన్ పెట్టుకుంటున్నాయి. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ చిట్‌ఫండ్ల కోసం టీ-చిట్స్ అనే పద్ధతి తెచ్చింది. చీటీలో జరిగే పెద్ద మోసం ఏమిటో వినేవాళ్లకు చెప్పనక్కరలేదు. నడిపేవాడే నాలుగు బినామీ పేర్లు సభ్యుల్లో చేర్చి, మొదటి నెలల్లో పాట వాటి పేరున పాడేసుకుంటాడు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డుల కోసం కూడా బ్లాక్‌చెయిన్‌ను ప్రయోగించి చూసింది. ఇలాంటి పుస్తకాల్లో ఎవరు పడితే వారు రాయలేరు, అనుమతి ఉన్నవాళ్లే రాస్తారు. కాబట్టి పాచికలూ జామీనులూ అక్కరలేదు. కానీ బినామీని పట్టవలసిన పని మళ్లీ వాకిట్లో కూర్చున్న మనిషి మీదే పడుతుంది. ఆయన ఏమరుపాటుగా గానీ, చేయి తడిపించుకుని గానీ దొంగపేరు ఒకటి లోపలికి వదిలితే, పుస్తకం దాన్ని కూడా అంతే భద్రంగా, చెరగకుండా దాచిపెడుతుంది.

ఇక మీలో కొందరికి ఈపాటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు: “అన్నా, ఇది బ్లాక్‌చెయిన్, ఎవరూ మోసం చేయలేరు, లక్ష పెడితే రెండు లక్షలు.” ఇప్పటిదాకా చెప్పిన కాపలా అంతా పుస్తకానికి. మీ దగ్గర డబ్బు అడిగే మనిషికి కాదు. 2014లో మొదలైన వన్‌కాయిన్‌కు అసలు బ్లాక్‌చెయినే లేదని అమెరికా కోర్టుల్లో తేలింది. ఆఫీసులో కూర్చుని అంకెలు వేసుకోవడమే. లోకమంతటా జనం 400 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారు. దాన్ని స్థాపించిన రుజా ఇగ్నాటోవా 2017 అక్టోబరు నుంచి కనిపించలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో నవీ ముంబైలో ఆ పథకం ప్రచారం చేస్తున్నవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. అక్కడ వెయ్యి పేర్లవాడు బయటినుంచి రానక్కరలేదు, గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నాడు. నిజమైన పుస్తకమైతే దాని పుటలు ఎవరైనా, ఎవరి అనుమతీ లేకుండా, తమ కంప్యూటరులో తెరిచి మొదటి పుట నుంచి లెక్క సరిచూసుకోవచ్చు. అది చూపించమని అడగండి. ‘అది మా ఆఫీసులోనే చూడాలి’ అన్నారంటే లేచి వచ్చేయండి.

చివరగా ఆ జవుళి అంగడాయన సంగతి. నిజమైన బిట్‌కాయిన్ పుస్తకమే అయినా, డబ్బు పంపానని చెప్పగానే మూటలు ఎత్తించకూడదు. పెద్ద మొత్తాలకు ఆరు పుటలు గడిచేదాకా ఆగడం అలవాటు, అంటే సుమారు ఒక గంట. ఆరు పుటలు వెనక్కి తిప్పాలంటే ఆరు పుటల పాచికలు మళ్లీ విసరాలి, అంతలో మిగతా లోకం ముందుకు వెళ్లిపోతూనే ఉంటుంది. “తమ్ముడూ, భోంచేసి రా పో, మూటలు మధ్యాహ్నం ఎత్తుకుందువు” అంటే సరిపోతుంది. కుప్పం ఆయన భోజనానికి ఒప్పుకోకుండా తొందరపెడితే, అంగడాయనకు ఇక బ్లాక్‌చెయిన్ పాఠం అక్కరలేదు.